పీఏ చదువుకు ముందు ఏ డిగ్రీ?

రాజంపేటలో బైపీసీ చదివే పిల్లల లెక్క చాలామటుకు ఒకటే. నీట్‌లో ర్యాంకు వస్తే ఎంబీబీఎస్, రాకపోతే నర్సింగో ఫార్మసీయో. ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే పీఏ, అన్న మాట ఎక్కువగా అమెరికాలో చుట్టాలున్న ఇళ్లలోనే వినబడుతుంది. ‘డాక్టరంత సుదీర్ఘమైన చదువు కాదు, జీతం బాగుంటుంది’ అని విన్న తల్లిదండ్రులు వెంటనే అడిగేది, దానికి ముందు డిగ్రీలో ఏ మేజర్ తీసుకోవాలని. పిల్లలు ఎక్కడ పని చేయాలనుకుంటున్నారో తేలకుండా దీనికి జవాబు లేదు.

మన దేశంలోనే పని చేయాలనుకుంటే ముందు డిగ్రీ అక్కర్లేదు. ఇంటర్ బైపీసీ తర్వాత నేరుగా బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్‌లో చేరవచ్చు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సాధారణంగా నాలుగేళ్లు. ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైంది. గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ దానికి ఆద్యుడు. రోగి వివరాలు రాబట్టి రాయడం, ఆపరేషన్‌లో సర్జన్‌కు సాయపడటం, ఐసీయూలో కనిపెట్టుకుని ఉండటం, డిశ్చార్జ్ సమ్మరీ తయారుచేయడం వీళ్ల పని. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది. కాబట్టి ఇక్కడే ఉండాలనుకునేవాళ్లు మూడేళ్లు జువాలజీ చదివి, ఆ తర్వాత పీఏ గురించి ఆలోచించడం కాలాన్ని పోగొట్టుకోవడమే.

అమెరికా సంగతి వేరు. అక్కడ పీఏ అన్నది డిగ్రీ తర్వాత చేసే మాస్టర్స్, రెండేళ్లు దాటుతుంది. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ తొలి తరగతిని మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది నలుగురే. అంతా నౌకాదళంలో వైద్య సహాయకులుగా పని చేసి వచ్చినవాళ్లే. రోగిని స్వయంగా చూసుకున్న అనుభవానికి అక్కడ నేటికీ అంత విలువ. చాలా కాలేజీలు వందల గంటల అనుభవం అడుగుతాయి, కొన్ని వెయ్యి దాటి అడుగుతాయి. మేజర్ ఏదైనా ఫరవాలేదు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ మాత్రం చదివి ఉండాలి.

ఈ కొలతకు దాదాపు సరిపోయే చదువు రాజంపేటలోనే, అన్నమాచార్య ఫార్మసీ కళాశాలలో ఉంది. బీఫార్మసీ నాలుగేళ్ల కోర్సు. అనాటమీ, ఫిజియాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోస్టాటిస్టిక్స్ అన్నీ సిలబస్‌లో ఉన్నాయి. లేనిదల్లా రోగి పక్కన గడిపే సమయం. బీఎస్సీ నర్సింగ్‌లో అది పుష్కలంగా ఉంటుంది, కెమిస్ట్రీ మాత్రం తక్కువ. రెండింటిలో నర్సింగే మేలు. పీఏ సీటు రాకపోయినా చేతిలో ఉద్యోగం ఉంటుంది, కెమిస్ట్రీ తర్వాతైనా చదువుకోవచ్చు. మూడేళ్ల బీఎస్సీతో ఇంకో చిక్కుంది. అమెరికాలోని నాలుగేళ్ల డిగ్రీకి దాన్ని సమానంగా లెక్కించని కాలేజీలున్నాయి. ముందుగా చదవాల్సిన సబ్జెక్టులను అమెరికాలోనే చదవాలని పట్టుబట్టేవీ ఉన్నాయి.

మన దేశపు పీఏ డిగ్రీ పట్టుకుని అమెరికా వెళ్తే అక్కడ లైసెన్సు రాదు. లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే అక్కడ గుర్తింపు ఉన్న కోర్సే పూర్తిచేయాలి. పైగా విదేశీ విద్యార్థులను తీసుకోని పీఏ కాలేజీలు చాలా ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చే దారి ఉన్న కుటుంబాలకు అమెరికాలో పీఏ చదవడం మంచి ఆలోచన. లేనివాళ్లు విద్యార్థి వీసాను నమ్ముకుని పొలం తాకట్టు పెట్టొద్దు.

మన దేశంలోనే పీఏలో చేరేవాళ్లు ఫీజు కట్టే ముందు ఆ కళాశాలకు పెద్దాసుపత్రి ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. ఆఖరి ఏడాది చదువుతున్న పిల్లల్ని పలకరించి, వార్డులో రోజుకు ఎన్ని గంటలు ఉంటున్నారో అడగండి.