ట్రౌటు చేపయు, బొమ్మ యీగయు

రెండు దినముల సెలవు దొరకగా పిల్లలను నీలగిరులకు తోడ్కొనిపోవు తల్లిదండ్రులు చాలమంది పూలతోటను, సరస్సులోని పడవలను చూపి మరలివత్తురు. ఉదకమండలమునకు నైరృతిదిశను అవలాంచి యను లోయ కలదు. అచ్చటి సెలయేళ్ళలో ట్రౌటు అను చేప పెరుగును. ఈకలతో కట్టిన బొమ్మ యీగను ఎరగా జూపి దానిని పట్టుట పాశ్చాత్య దేశములందు కుటుంబమంతయు కలసి చేయు వినోదము. అందు ప్రకృతిశాస్త్రము పుష్కలముగా నిమిడియున్నది.

ఈ చేప మన దేశపుది కాదు. ప్రక్కలయందు గులాబివన్నె చార గల యీ జాతికి ఉత్తర అమెరికా పడమటి నదులు పుట్టినిండ్లు. భారతదేశ మత్స్యములను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన ఫ్రాన్సిస్ డే యను వైద్యుడు 1863లో ట్రౌటును నీలగిరులకు తేబూని విఫలుడయ్యెను. పిమ్మట హెచ్. సి. విల్సన్ కృతకృత్యుడు కాగా, 1907లో అవలాంచిలో గ్రుడ్లు పొదిగించు కేంద్రము వెలసినది.

మన కృష్ణా గోదావరులలో ఇది యేల లేదని పిల్లవాడు తప్పక అడుగును. సముద్రమట్టపు లెక్కను 10 డిగ్రీల చల్లని నీరు లీటరునకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరగించుకొనగలదు. 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి నిలువదు. పైగా నీరు వెచ్చబడినకొలది చేపకు ప్రాణవాయువు మఱింత కావలసివచ్చును. ఆదాయము తగ్గి వ్యయము పెరిగిన సంసారమువలె నుండును దాని బ్రతుకు!

సాధారణపు గాలమున సీసపుగుండు బరువు దారమును లాగుకొనిపోవును. బొమ్మ యీగకు బరువే లేదు. రాతిని విసరవచ్చును గాని ఈకను విసరజాలము గదా. కనుక ఇచ్చట దారమునే బరువుగా చేసి, దానిచే ఈగను మోయింతురు. గడను గడియారపు ముల్లుగా భావించి, పదింటి స్థానము నుండి ఒంటిగంట స్థానమువరకు వెనుకకు లేపి, దారము వెనుక సాగువఱకు ఆగి, తిరిగి ముందునకు త్రోయవలెను. ఆ ఆగుటయే విద్య. పిల్లలు తొందరపడి చిక్కులు వేసికొందురు. పెద్దలు అంతకంటె నెక్కువ! ముందుగా ఇంటి ఆవరణలో, కొక్కెమునకు బదులు ఉన్నిపోగు కట్టి అభ్యసింపవలెను. ఏటియొడ్డున విసరువాని వెనుక బిడ్డను నిలువనీయరాదు. కంటికి తగిలిన కొక్కెము జన్మాంతము బాధించును. కొక్కెపు ముల్లును పట్టకారుతో నొక్కివేయుట, ప్రతివారు టోపీయు అద్దములును ధరించుట విధిగా చేయవలెను.

గాలము వేయుటకు మునుపు నీటిలోని రాయి నొకదానిని తిరుగవేసి చూపుడు. అడుగున అంటుకొని చిన్న పురుగులు కదలును. వానిలో కొన్ని నెలల తరబడి, కొన్ని యేడాదికి పైగా నీటిలోనే పెరిగి, రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములు మాత్రమే జీవించును; అప్పుడు వానికి తినుటకు పనికివచ్చు నోరుకూడ నుండదు. ట్రౌటు ఆహారములో హెచ్చుపాలు ఇవియే. బొమ్మ యీగ వీనికి అనుకరణము. రాతిని మరల యథాస్థానమున నుంచుట మఱువరాదు.

చేప ప్రవాహమున కెదురుగా ముఖముంచి నిలుచును. కావున దిగువనుండి, వంగి, నీడ పడకుండ సమీపింపవలెను. ఇందుకు అధికారుల అనుమతి ముందుగా పొందుట అవశ్యకము.

చిక్కిన చేపను వండుకొనుటలో తప్పులేదని నా అభిప్రాయము. అట్లయిన వెంటనే చంపవలెను, గిలగిల కొట్టుకొననీయరాదు. విడువదలచినచో చేతులు తడిపికొని పట్టవలెను. పొడిచేయి దాని మైజిగురును తుడిచివేయును. తల ప్రవాహమున కెదురుగా నుంచి, తనంత తాను ఈదిపోవువఱకు నెమ్మదిగా పట్టుకొనవలెను. ఉష్ణమాపకమును పిల్లవాని చేతికే ఇండు. నీరు 20 డిగ్రీలు దాటినచో విడిచిన చేపయు చనిపోవు అపాయము హెచ్చును. అట్టి దినమున దారము చుట్టిపెట్టి, పులిహోర డబ్బా విప్పుటయే మేలు.