సాల్ట్ లేక్ సిటీ కేన్యన్లలో టెంటు వేసుకోవాలంటే?

సాల్ట్ లేక్ సిటీలో ఉండేవాళ్ళకి ఉన్న సదుపాయం అమెరికాలో చాలా నగరాలకి లేదు. ఊరు ముగిసేచోటే తూర్పున వాసాచ్ పర్వతాలు మొదలవుతాయి. ఆ పర్వతాల మధ్య వాగులూ పాత హిమానీనదాలూ చెక్కిన లోతైన లోయలు, ఇక్కడివాళ్ళు కేన్యన్లనేవి, నేరుగా నగరం అంచులోకి వచ్చి తెరుచుకుంటాయి. వేసవిలో శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరినా పొద్దు వాలేలోగా చెట్ల కింద టెంటు వేసుకోవచ్చు. కానీ ఇక్కడికి ఉద్యోగాలకో చదువులకో వచ్చిన మనవాళ్ళలో చాలామంది పగలు వెళ్ళి ఫొటోలు దిగి చీకటిపడేలోపు ఇంటికొచ్చేస్తారు. రాత్రి ఉండాలనే కోరిక ఉన్నా ఎక్కడ ఉండనిస్తారో, చోటు ఎలా దొరుకుతుందో తెలియదు. అలాంటివాళ్ళకోసమే ఇది.

అన్నిటికన్నా ముందు: అది నగరం తాగే నీరు

క్యాంపింగ్ గురించి అడిగేవాళ్ళు టెంటు ఏది కొనాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నన్నడిగితే నీళ్ళతో మొదలుపెట్టాలి. బిగ్ కాటన్‌వుడ్, లిటిల్ కాటన్‌వుడ్ కేన్యన్లలో పారే వాగులు సాల్ట్ లేక్ లోయలోని ఇళ్ళకు తాగునీరు. బిగ్ కాటన్‌వుడ్ ముఖద్వారంలోనే నీటిశుద్ధి కేంద్రం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో గనులు, చెట్ల నరికివేత, పశువుల మేత ఈ కొండల్ని బోడిచేసి నీటిని పాడుచేశాయి. ఆ అనుభవంతోనే 1914లోనూ 1934లోనూ అమెరికా కాంగ్రెస్ ఈ నీటి పరీవాహక ప్రాంతం రక్షణకోసం చట్టాలు చేసింది.

ఇది తెలిస్తే మిగతా నియమాలేవీ విచిత్రంగా అనిపించవు. ఈ రెండు కేన్యన్లలోకి కుక్కల్ని తీసుకెళ్ళకూడదు. కారులోంచి దింపకుండా ఉంచుతామన్నా ఒప్పుకోరు. వాగులో, చెరువుల్లో దిగకూడదు. ఏరు కనబడగానే చెప్పులు విప్పి కాళ్ళు తడుపుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు కాబట్టి పిల్లలకి బయల్దేరేముందే చెప్పి ఉంచాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు వాగుకి దూరంగా పారబోయాలి. రోడ్డు పక్కన కారాపి నచ్చినచోట టెంటు వేసుకోవడం కుదరదు. బరువు మోసుకుంటూ అడవి లోపలికి నడిచివెళ్ళి పడుకోవడానికి అనుమతి ఉంది గానీ, నీటికి కనీసం 200 అడుగుల దూరం మొదలుకొని దానికి వేరే నిబంధనలున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఫారెస్ట్ సర్వీస్ నడిపే క్యాంప్‌గ్రౌండ్లకే పరిమితం కావడం మంచిది. అక్కడ బల్ల, నిప్పు పెట్టుకునే ఇనుప వలయం, మరుగుదొడ్డి ఉంటాయి.

ఏ కేన్యన్?

నగరానికి ఆనుకుని కేన్యన్లు చాలానే ఉన్నా టెంటు వేసుకోగలిగేవి కొన్నే. మిల్‌క్రీక్ కేన్యన్ చాలా అందమైనది, కుక్కలకూ ప్రవేశం ఉంది; అయితే అక్కడున్నవి పిక్నిక్ స్థలాలే, క్యాంప్‌గ్రౌండ్లు లేవు. డౌన్‌టౌన్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సిటీ క్రీక్ కేన్యన్‌లోనూ రాత్రి ఉండనివ్వరు. కాబట్టి వెతకాల్సింది ముఖ్యంగా రెండు కాటన్‌వుడ్లలో.

190వ నంబరు రోడ్డు మీద బిగ్ కాటన్‌వుడ్‌లోకి వెళ్తే స్ప్రూసెస్, ఇంకా పైకి రెడ్‌మన్ వస్తాయి. 210వ నంబరు రోడ్డు మీద లిటిల్ కాటన్‌వుడ్‌లో ముఖద్వారం నుంచి నాలుగు మైళ్ళ పైచిలుకు దూరంలోనే టానర్స్ ఫ్లాట్, చిట్టచివర ఆల్టా ఊరు దాటాక కంకర రోడ్డు మీద ఆల్బియన్ బేసిన్ ఉన్నాయి. లిటిల్ కాటన్‌వుడ్ గోడలు నిటారైన తెల్లని గ్రానైట్ రాయి. డౌన్‌టౌన్‌లోని మార్మన్ దేవాలయాన్ని 1853 నుంచి 1893 దాకా నలభై ఏళ్ళపాటు కట్టింది ఈ కేన్యన్ నుంచి తెచ్చిన రాయితోనే.

మొదటిసారి, అందులోనూ చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి నా ఓటు స్ప్రూసెస్‌కి. స్థలం విశాలంగా, చాలావరకు చదునుగా ఉంటుంది, రోడ్డు సులువు. ఆల్బియన్ బేసిన్ అందంలో అన్నిటినీ మించుతుంది, జూలై చివర్లో మొదలై ఆగస్టులో కొన్నాళ్ళ దాకా పూలతో నిండిపోతుంది. అయినా అది రెండో ప్రయాణానికి ఉంచుకోండి. కారణం కింద చెబుతాను.

కుక్కని వదిలి వెళ్ళలేనివాళ్ళు, లీహై ఊరి వైపు ఉండేవాళ్ళు దక్షిణాన ఉన్న అమెరికన్ ఫోర్క్ కేన్యన్ చూడాలి. అక్కడ లిటిల్ మిల్, గ్రానైట్ ఫ్లాట్, టింపునోకీ క్యాంప్‌గ్రౌండ్లున్నాయి. తాడు కట్టి ఉంచితే కుక్కలకు అభ్యంతరం లేదు. ఆ కేన్యన్‌లోకి వెళ్ళడానికి విడిగా రుసుము కట్టాలి.

ఎత్తు చూడకుండా తేదీ పెట్టుకోవద్దు

నగరం సుమారు 4,300 అడుగుల ఎత్తులో ఉంది. టానర్స్ ఫ్లాట్ దాదాపు 7,200, స్ప్రూసెస్ 7,400, రెడ్‌మన్ 8,300, ఆల్బియన్ బేసిన్ 9,500 అడుగులు. మనకి తెలిసిన కొలతలో చెప్పాలంటే టానర్స్ ఫ్లాట్ ఇంచుమించు ఊటీ అంత ఎత్తు. ఆల్బియన్ బేసిన్ ఊటీకన్నా రెండు వేల అడుగులు పైన.

ఈ అంకెల్ని బట్టే క్యాంప్‌గ్రౌండ్లు తెరిచే రోజులు మారతాయి. కిందివి మామూలుగా మే నెల రెండో సగంలో తెరుచుకుంటాయి, రెడ్‌మన్ జూన్ మధ్యకి, ఆల్బియన్ బేసిన్ జూలై వస్తేగానీ తెరవరు. సెప్టెంబరులో దాన్నే ముందు మూసేస్తారు. మంచు బాగా పడిన ఏడాది ఇవన్నీ వెనక్కి జరుగుతాయి. లోయలో ఉగాది ఎండలు చూసి ఏప్రిల్‌లో టెంటు కట్టుకుని బయల్దేరితే పైన నడుము లోతు మంచు ఎదురవుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ చలి సంగతీ అంతే. జూలైలో ఊళ్ళో పగలు 38 డిగ్రీల సెల్సియస్ కాస్తున్నా ఆల్బియన్ బేసిన్‌లో తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు దిగిపోవచ్చు. పైగా సముద్రమట్టం నుంచి విమానంలో వచ్చిన అమ్మానాన్నలని రెండో రోజే అంత ఎత్తుకు తీసుకెళ్తే తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు. కొన్నాళ్ళు నగరంలో ఉండి, ఒక రాత్రి స్ప్రూసెస్‌లో గడిపి, తర్వాత ఆల్బియన్‌కి వెళ్ళడం మేలు. అందుకే దాన్ని రెండో ప్రయాణానికన్నాను.

చోటు పట్టుకోవడం

ఈ క్యాంప్‌గ్రౌండ్ల బుకింగ్ అంతా రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో జరుగుతుంది. ముందుగానే ఖాతా తెరిచి, కార్డు వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. సాధారణంగా ఆరు నెలల ముందు తేదీలు విడుదలవుతాయి. అంటే జూలై 18 రాత్రి కావాలంటే జనవరి 18 ఉదయం కూర్చోవాలి. ప్రతి క్యాంప్‌గ్రౌండ్ పేజీలో ఎన్నాళ్ళ ముందు, ఎన్ని గంటలకు తెరుస్తారో రాసి ఉంటుంది. అది చదివి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. శుక్ర, శనివారాలు నిమిషాల్లో పోతాయి.

మనవాళ్ళు తరచు మరిచిపోయే తేదీ జూలై 24. 1847లో మార్మన్ వలసదారులు ఈ లోయకి చేరిన రోజది. యూటాలో రాష్ట్ర సెలవు, జూలై 4 అంత పెద్ద పండుగ. ఆ వారం కేన్యన్లలో చోటు దొరకడం మహా కష్టం.

ఆరు నెలల ముందు కూర్చోలేకపోయారా? నిరాశపడకండి. చాలామంది ఆశకొద్దీ బుక్ చేసి చివరి వారంలో మానుకుంటారు. కాస్త ముందుగా రద్దు చేస్తే పది డాలర్లు పోతాయి, చేరాల్సిన ముందురోజు దాకా ఆగితే మొదటి రాత్రి అద్దె కూడా పోతుంది. అందుకని వాతావరణ సూచన చూసుకుని రెండుమూడు రోజుల ముందు రద్దు చేసేవాళ్ళు ఎక్కువ. ఖాళీ పడితే కబురు పంపే ఏర్పాటు వెబ్‌సైటులోనే ఉంది, అది పెట్టుకోండి. మంగళ, బుధవారం సాయంత్రాల్లో మీరే ఒకసారి తెరిచి చూడండి. ఆదివారం రాత్రి నుంచి గురువారం దాకా ఉండగలిగితే అసలు పోటీ చాలా తక్కువ. నగరానికి ఇంత దగ్గరలో ఉండడం వల్ల కలిగే లాభమిదే: బుధవారం రాత్రి అక్కడ పడుకుని గురువారం పొద్దున ఆఫీసుకి రావచ్చు.

ఒక సైటులో, అంటే టెంటు వేసుకోవడానికి కేటాయించే ఒక్కో స్థలంలో, మామూలుగా ఎనిమిదిమందికే అనుమతి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళే ఆలోచన ఉంటే పక్కపక్క సైట్లు రెండు తీసుకోవాలి, లేదా డబుల్ సైటు, గ్రూప్ సైటు వెతకాలి. రాత్రి పది తర్వాత నిశ్శబ్దం పాటించాలి. అంత్యాక్షరి దానికి ముందే ముగించండి, స్పీకర్లు ఇంట్లోనే వదిలేయండి.

పటంలో సైటు ఎంచుకునేటప్పుడు

ఖాళీగా కనబడిన మొదటి నంబరు మీద నొక్కేయకండి. పటం పెద్దది చేసి చూడండి. మరుగుదొడ్డి పక్కనున్న సైటు పిల్లలతో సౌకర్యమే గానీ రాత్రంతా తలుపు చప్పుడు, టార్చిలైట్ల వెలుగు. రోడ్డు వైపు సైట్లలో వాహనాల హోరు. వాగు అంచు సైట్లకి గిరాకీ ఎక్కువ. నిజంగా బాగుంటాయి, నిద్రపట్టించే చప్పుడు. అయితే మే చివర, జూన్ నెలల్లో నడక నేర్చిన పిల్లలున్నవాళ్ళు వాటి జోలికి పోవద్దు. అప్పుడు పైన మంచు కరిగి వాగు ఉద్ధృతంగా ఉంటుంది, నీళ్ళు గడ్డకట్టే చల్లదనం. మధ్యాహ్నపు ఎండకి కరిగిన నీరు కిందికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది కాబట్టి పొద్దున మోకాలి లోతు కనిపించినచోట చీకటిపడ్డాక ప్రవాహం పెరిగి ఉంటుంది.

సైటు వివరాల్లో టెంట్ ఓన్లీ అని ఉంటే పెద్ద వ్యాన్లు, ట్రెయిలర్లు రావు, జనరేటర్ మోత ఉండదు. ఎంతమందికి, ఎన్ని వాహనాలకి అనుమతి, నీడ ఉందా లేదా అన్నవి అక్కడే ఉంటాయి.

బయల్దేరే ముందురోజు

అగ్ని నిబంధనలు చూసుకోండి. ఎండలు ముదిరిన కొద్దీ ఆంక్షలు పెరుగుతాయి. మొదటి దశలో క్యాంప్‌గ్రౌండ్ ఇనుప వలయంలో మాత్రమే మంట పెట్టనిస్తారు, రెండో దశలో అదీ ఉండదు. గ్యాస్ స్టవ్ తీసుకెళ్తే ఏ దశలోనైనా అన్నం ఉడుకుతుంది. కట్టెలు ఊళ్ళో అమ్మేవే కొనండి. దూరం నుంచి తెచ్చిన కట్టెలతో చెట్లని తినే పురుగులు వస్తాయి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన అంకె చాలాసార్లు హాయిగా నిద్రపట్టే చలిని చెప్పే కంఫర్ట్ అంకె కాదు, ముడుచుకుని పడుకుంటే ఎలాగో నిద్రపట్టే కనిష్ట హద్దు. సున్నా డిగ్రీల సెల్సియస్ కంఫర్ట్ ఉన్నది కొంటే వేసవికి నిశ్చింత. కింద పరుచుకునే ప్యాడ్ లేకపోతే ఎంత మంచి బ్యాగైనా నేల చలి ఆపలేదు. పెట్రోలు కిందే పోయించుకోండి. కేన్యన్లలో ఫోన్ సిగ్నల్ నమ్మకం లేదు, బుకింగ్ కాగితం, పటం ముందే దించుకోండి.

చేరాక

ముందు తల పైకెత్తి చూడండి. ఎండిపోయి నిలబడ్డ చెట్టు, వేలాడుతున్న కొమ్మ ఉంటే దాని కింద టెంటు వద్దు. తర్వాత నేల: సైటులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూలకి రాత్రి చల్లగాలి దిగి పేరుకుంటుంది, వానొస్తే నీళ్ళూ అక్కడికే. కొద్దిగా మెరకగా ఉన్నచోటు మేలు. కేన్యన్‌లో గాలి పగలు కింద నుంచి పైకి వీస్తుంది, పొద్దుగూకాక పైనుంచి కిందికి మళ్ళుతుంది. అందుకని టెంటు తలుపు ఎగువకి కాకుండా పక్కకి గానీ దిగువకి గానీ ఉండేలా వేయండి. ఎండలో ఉక్కగా ఉన్నా పై కప్పు వేసే ఉంచండి. జూలై, ఆగస్టు మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వాన చెప్పకుండా వస్తుంది. కొండ ఎక్కాలనుకుంటే మధ్యాహ్నానికి దిగివచ్చేలా పొద్దున్నే బయల్దేరాలి.

తిండి విషయంలో మాత్రం రాజీ లేదు. పులిహోర డబ్బా, పచ్చడి సీసా, బిస్కెట్లు, పిల్లల పాలు, టూత్‌పేస్టు సైతం రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి. టెంటులో ఏదీ ఉండకూడదు, చాక్లెట్ కాగితం కూడా. 2007 జూన్‌లో అమెరికన్ ఫోర్క్ కేన్యన్‌లో టెంటులో నిద్రపోతున్న పదకొండేళ్ళ పిల్లవాణ్ణి నల్ల ఎలుగుబంటి ఎత్తుకెళ్ళి చంపింది. అలాంటివి చాలా అరుదు, కానీ మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ వస్తుంది. మీరు వదిలిన వాసన మీ తర్వాత వచ్చేవాళ్ళ మీదికి దాన్ని తెస్తుంది. కాటన్‌వుడ్లలో ఎక్కువగా కనిపించేది మూస్, గుర్రమంత ఎత్తు దుప్పి. సాధువులా మేస్తున్నా దగ్గరికి వెళ్ళవద్దు, పిల్ల పక్కనుంటే అసలే వద్దు.

చివరిగా ఒక విన్నపం. పిల్లలకి జ్వరమొచ్చిందనో, పని పడిందనో వెళ్ళలేకపోతున్నట్టు తెలిస్తే ఆ రోజే బుకింగ్ రద్దు చేయండి. పది డాలర్లకోసం వెనకాడి వదిలేస్తే ఆ రాత్రి ఆ సైటు ఖాళీగా ఉండిపోతుంది. మీలాగే ఇంకో కుటుంబం అదే తేదీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.