దొరకలేదు అనే ముందు

బుజ్జమ్మా,

"దివిసీమ ఉప్పెన గురించి నెట్‌లో ఏమీ లేదు మామయ్యా, ప్రాజెక్టుకి వేరే అంశం తీసుకుంటాను" అని రాశావు. చదివినప్పటినుంచీ మనసు మనసులో లేదు. ఆ ఉప్పెన రాత్రి మనవాళ్ళకు జరిగింది నీకు తెలియనిది కాదు, మళ్ళీ రాయను. అంశం మాత్రం మార్చకు తల్లీ.

నువ్వు గూగుల్లో ఉత్త "ఉప్పెన" అని కొట్టావట, మీ అమ్మ చెప్పింది. ఆ పేరుతో 2021లో సినిమా వచ్చింది కదమ్మా, పాటలూ పోస్టర్లే ముందుకొస్తాయి. దివిసీమ ఉప్పెన అనే రెండు మాటలనూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. అవే మాటలు అదే వరుసలో ఉన్న పేజీలే వస్తాయి. అప్పటికీ సినిమా అడ్డొస్తే ఒక ఖాళీ వదిలి మైనస్ గుర్తు పెట్టి, దానికి ఆనించి సినిమా అని రాయి. ఇంగ్లీషులో బిఫోర్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 2018 అని చేర్చినా సరే, సినిమా మాట పుట్టకముందరి పేజీలే మిగులుతాయి. ఇవన్నీ ఒక పూటలో పట్టుబడతాయి. కష్టమంతా ఏ మాటతో వెతకాలన్న దగ్గరే.

ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19, శనివారం. నేను అప్పుడే లైబ్రరీలో కుర్రాడిగా చేరాను. ఆ తర్వాత రోజుల్లో రీడింగ్ హాల్లో నిలబడే చోటు ఉండేది కాదు. ఒకాయన వచ్చి, తోబుట్టువునిచ్చిన ఊరు పేపర్లో లేదని కూలబడిపోయాడు. మా పెద్ద లైబ్రేరియన్‌గారు ఆయనకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి అడిగారు: ఊళ్ళోవాళ్ళు ఏమని పిలుస్తారు? ఉత్తరం మీద ఏమని రాస్తారు? పక్క ఊరేది? విలేఖరులు బయటినుంచి వచ్చినవాళ్ళు, చెవిన పడినట్టు రాసేవారు. ఆయన తన నోటి పేరు కోసం వెతికాడు, పేపరు విలేఖరి రాసిన పేరుతో వేసింది. వేరే పేపర్లో, వేరే అక్షరాలతో ఆ ఊరు కనబడింది. ఆ పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్న పని అంతా అదే బుజ్జమ్మా. అడిగేవాడి మాట పక్కన పెట్టి, జవాబు రాసినవాడు ఏ మాట వాడి ఉంటాడో ఊహించడం.

నువ్వూ అలాగే ఊహించు. పత్రికలవాళ్ళు తుపాను అంటారు, తుఫాను అని కూడా రాస్తారు. రెండూ విడివిడిగా కొట్టు. వాతావరణ శాస్త్రజ్ఞులకు అది స్టార్మ్ సర్జ్, ఇంగ్లీషు పత్రికలకు ఆంధ్రా సైక్లోన్ 1977. దివిసీమను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపీ రాస్తారు, విడదీసీ రాస్తారు. హంసలదీవి, పాలకాయతిప్ప, అవనిగడ్డ, ఒక్కో ఊరి పేరుతోనూ వెతుకు. ఫైల్‌టైప్ అని కొట్టి కోలన్ పెట్టి పీడీఎఫ్ చేరిస్తే నివేదికలూ పరిశోధన వ్యాసాలూ పైకొస్తాయి. వెతికిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకో, లేకపోతే తిరిగిన దారిలోనే తిరుగుతావు. కళ్ళు మండుతుంటే ఆపేసెయ్యి. పెరుగన్నమైనా తినకుండా రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావని మీ అమ్మ బెంగ పెట్టుకుంది.

మృతుల లెక్క దగ్గర జాగ్రత్త. ప్రభుత్వ లెక్క పదివేలకు అటూ ఇటూ. అంతకు ఎన్నో రెట్లు చెప్పేవాళ్ళూ ఉన్నారు. పేజీ పైన కంప్యూటరు అల్లి ఇచ్చే జవాబును ఎత్తి రాసుకోకు, కింద అది చూపించే పేజీలు తెరిచి, ఆ అంకె ఎవరు లెక్కపెట్టిందో చూడు. పది సైట్లలో ఒకే వాక్యం కనిపిస్తే అవి పది సాక్ష్యాలు కావు, ఒకరిని చూసి ఒకరు రాసుకున్నవి. అవి మనుషుల ప్రాణాలమ్మా, తోచిన అంకె వెయ్యకూడదు.

ఇంకొక్క మాట. స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పత్రికలు చాలావరకు బొమ్మలే, వాటిలోని అక్షరాలు సెర్చికి సరిగ్గా అందవు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు ఎక్కించారు. అక్కడ తేదీనిబట్టి, పత్రిక పేరునుబట్టి వెళ్ళి పేజీలు తిప్పాల్సిందే. నవంబరు 20 సంచికతో మొదలుపెట్టి డిసెంబరు నెలాఖరుదాకా చూడు. ఏ రోజు సంచిక దొరక్కపోయినా ఆ తేదీ నాకు రాయి. బైండు చేసిన పాత సంపుటాలు ఏ లైబ్రరీలో ఉన్నాయో నేను కనుక్కుంటాను.

మీ మామయ్య