అడ్డు వరుసలు – నిలువు వరుసలు: దత్తాంశ పట్టికలలో పాఠరక్షణ

శబ్దమంజరిలో రామశబ్ద రూపాలు 24. సంబోధనతో కలిసి 8 అడ్డు వరుసలలో, వచనానికి ఒకటి చొప్పున 3 నిలువు వరుసలలో అవి కూర్పబడి ఉంటాయి. వానినే 'ప్రాతిపదికం, విభక్తి, వచనం, రూపం' అని విడివిడిగా నమోదు చేసినచో 24 వరుసల జాబితా ఏర్పడుతుంది. పట్టిక చదువరికి అనుకూలమైనది. జాబితా కంప్యూటర్‌లోని దత్తాంశనిధికి అనుకూలమైనది. 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక పద్ధతిలో ఒక గడికి ఒకే విలువ ఉండవలెను. అందుచే ఒకే వస్తువును గూర్చిన వివరాలు అనేక వరుసలలో పునరుక్తమవుతాయి. వీనిని ఎక్సెల్ వంటి పట్టికకు పంపునప్పుడు తిరిగి నిలువు వరుసలుగా మార్చవలసి వస్తుంది.

ఎస్.క్యూ.ఎల్. భాషలో ఇందుకు రెండు దశలున్నాయి. వచనం ఏకవచనమైనచో రూపమును గ్రహించుము, కానిచో శూన్యముగా నుంచుము అని ప్రతి నిలువు వరుసకు నియమం చెప్పుట మొదటి దశ. విభక్తిని బట్టి వరుసలను సమూహపరచి, సమూహమునందలి గరిష్ఠ విలువను తీసికొనుట రెండవది. శూన్యములు గణనకు రావు గనుక మిగిలిన రూపమే గడిలో నిలుస్తుంది.

రామశబ్దమునకు ఈ పద్ధతి నిర్దుష్టము. అస్మచ్ఛబ్దమున చిక్కు కలుగుతుంది. చతుర్థీ ఏకవచనంలో 'మహ్యమ్', 'మే' అను రెండు రూపాలు ఒకే గడికి చేరుతాయి. అక్షరక్రమంలో వెనుక వచ్చునది 'మే' కావున అదియే నిలిచి, ప్రధానరూపమైన 'మహ్యమ్' లోపిస్తుంది. యంత్రం దోషమేమియు సూచింపదు. తాళపత్రప్రతుల పాఠాంతరాలను ఇట్లే మార్చినచో ఒక ప్రతిలోని సవరణపాఠమో, మూలపాఠమో నిశ్శబ్దంగా అంతరిస్తుంది.

దీనికి పరిహారం సమూహమునందలి వరుసలకు క్రమసంఖ్య నిచ్చుట. అప్పుడు 'రూపం 1', 'రూపం 2' అని వేర్వేరు నిలువు వరుసలేర్పడుతాయి. క్రమమునకు ఆధారమైన అంశాన్ని స్పష్టంగా నిర్దేశింపనిచో సంఖ్యలు ఒకమారు ఒక విధంగా, మరొకమారు వేరొక విధంగా రావచ్చును. మార్పు ముగిసిన పిదప నిండిన గడుల సంఖ్య మూల జాబితాలోని వరుసల సంఖ్యతో సరిపోవలెను. సరిపోనిచో ఏదో పాఠం జారిపోయినట్లే.

శాసనరంగమున మరొక సమస్య ఉన్నది. చిలుకూరు రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలమున, అనగా 9–10 శతాబ్దులలో, ప్రముఖ జైనకేంద్రము. దానికి సమీపమున మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో, చెరువు తూమునకు అమర్చిన రెండు చతురస్ర స్తంభాలు 2023లో వెలుగులోనికి వచ్చినవి. వాని నాలుగు ముఖములందు ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, వర్ధమాన మహావీరుల ధ్యానమూర్తులున్నవి. జాబితాలో ఇవి 8 వరుసలు. పట్టికలో 2 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలు.

నిలువు వరుసలకు 'తూర్పు', 'దక్షిణం' అని శీర్షికలుంచుట తగదు. స్తంభాలు పూర్వస్థానమునుండి కదలింపబడినవి గనుక నేటి దిక్కులు శిల్పి ఉద్దేశించినవి కావు. తీర్థంకరుల పేర్లే నిశ్చితమైన శీర్షికలు. శీర్షిక కూడ ఒక ప్రతిపాదనమే.

స్తంభాలపై గల శాసనభాగాలు గోడలో ఇమిడిపోవుటచే పూర్తిగా చదువుటకు వీలుకాలేదు. కనబడిన మేరకు చిలుకూరు పరిసరములందలి జైన బసది ప్రస్తావన మాత్రము తెలియవచ్చినది. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉన్నచో శాసనము లేదని పాఠకుడు భావించును. ఉన్నను చదువరాకపోవుట వేరు, లేకపోవుట వేరు. కావున 'లేదు', 'కనబడదు', 'పరిశీలింపలేదు' అను సంకేతములను మూల జాబితాలోనే విలువలుగా నమోదు చేయవలెను. లేనిచో ఈ మూడును మార్పిడిలో ఒకే శూన్యముగా మారును.

పట్టిక ఎంత సులభపఠనీయమైనను అది జాబితానుండి పుట్టినదే. సవరణలు జాబితాలోనే జరుగవలెను. పట్టికను దానినుండి మరల నిర్మించుకొనవలెను. తూముగోడలోని అక్షరములు ఏనాడైన బయల్పడినచో, వానిని చేర్చుకొనుటకు ఒక క్రొత్త వరుస చాలును.