తెరవగానే మూతపడే ప్లేయరు

జెబెల్ అలీలో కాపురమున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంటి యజమాని 1990 ప్రాంతంలో గల్ఫుకు వచ్చినవాడు. ఫోనులో మాట్లాడడం ఖరీదైన ఆ రోజుల్లో ఉత్తరానికి బదులు క్యాసెట్టులో మాటలు నింపి, సెలవు మీద ఊరికి వెళ్ళేవారి చేతికిచ్చి పంపడం గల్ఫు కుటుంబాలకు తెలిసిన అలవాటే. అలా తల్లి పంపిన జవాబు క్యాసెట్లు అతని పెట్టెలో మిగిలాయి. ఆమె గతించిన తరువాత పిల్లలు ఆ మాటలను కంప్యూటరులోకి ఎక్కించి ఎంపీ3 ఫైళ్ళుగా మార్చారు. క్యాసెట్ల టేపు కాలక్రమంలో బూజు పట్టి పాడైపోయింది. ఇక ఆ గొంతు మిగిలింది ఒక్క కంప్యూటరులోనే.

ఒక శనివారం ఉదయం నాయనమ్మ మాట విందామని ప్లేయరును నొక్కితే, కిటికీ ఒక్క క్షణం మెరిసి మూతపడింది. మళ్ళీ నొక్కినా అంతే. ప్లేయరును తీసివేసి తిరిగి స్థాపించినా అంతే. "మొత్తం ఫార్మాట్ చేయించండి, అన్నీ సర్దుకుంటాయి" అని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. ఆ సలహాను అప్పటికప్పుడే పాటించి ఉంటే ప్లేయరు బాగుపడి ఉండేది. నాయనమ్మ గొంతు మాత్రం ఉండేది కాదు.

ఇటువంటి చిక్కు ఏ ఇంటిలోనైనా రావచ్చు. ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడే ఎందుకు కూలుతుందో తెలిస్తే, ఏ వస్తువునూ పోగొట్టుకోకుండా దానిని సరిచేసే మార్గం కూడా తెలుస్తుంది.

కూలడం అంటే ఏమిటి?

1979లో ప్రారంభమైన జెబెల్ అలీ నౌకాశ్రయాన్ని చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. అక్కడి ఆవరణలో వేలకొలది కంటైనర్లు వరుసలలో నిలిచి ఉంటాయి. ప్రతిదానికీ ఒక స్థాన సంఖ్య ఉంటుంది. క్రేను నడిపేవాడు తన చేతిలోని జాబితాలో ఉన్న సంఖ్యను నమ్మి ఆ చోటికి వెళతాడు. కంప్యూటరు స్మృతి కూడా అటువంటి ఆవరణే. అక్కడ ప్రతి గదికీ ఒక సంఖ్య ఉంటుంది, ప్రతి ప్రోగ్రాముకూ కొన్ని గదులు కేటాయించబడి ఉంటాయి. జాబితాలో తప్పు సంఖ్య పడి, ప్రోగ్రాము తనది కాని గదిలో చేయి పెట్టబోతే, కావలివాని వలె ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ దానిని అక్కడికక్కడే నిలిపివేస్తుంది. దీనినే విండోస్ పరిభాషలో యాక్సెస్ వయొలేషన్ అంటారు. కూలడానికి ఇతర కారణాలూ ఉన్నాయి గాని, అన్నిటికంటె తరచుగా కనిపించేది ఇదే.

ఇక్కడ గమనించవలసినదొకటి ఉన్నది. తప్పు జాబితాలో ఉంటే క్రేనును మార్చినందువల్ల ప్రయోజనం లేదు. కొత్త క్రేను కూడా ఆ తప్పు సంఖ్య దగ్గరికే వెళుతుంది. ప్లేయరును తీసివేసి తిరిగి స్థాపించినా ఫలితం లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. ప్రోగ్రాము వేరు, అది చదివే సమాచారం వేరు. చాలా ప్రోగ్రాములు తొలగిపోతూ కూడా వినియోగదారుని అమరికలను అలాగే వదిలి వెళతాయి.

ఆ ఒక్క క్షణంలో జరిగే పనులు

ప్లేయరును నొక్కినప్పటి నుండి కిటికీ స్థిరపడేలోగా కనీసం అయిదు పనులు జరుగుతాయి. మొదట ప్రోగ్రాము, దానికి తోడుగా ఉండే సహాయక ఫైళ్ళు స్మృతిలోకి వస్తాయి. ధ్వనిని, చిత్రాన్ని విప్పి చెప్పే కోడెక్‌లు ఈ సహాయకులలో చేరినవే. రెండవది, గతంలో వినియోగదారుడు చేసుకున్న అమరికలు చదవబడతాయి. మూడవది, పాటల పట్టిక తెరుచుకుంటుంది. చాలా ప్లేయర్లు ఈ సమయంలోనే పాటలున్న సంచిని వెతికి ప్రతి ఫైలు శీర్షికనూ చదువుతాయి. నాలుగవది, తెరను నడిపే డ్రైవరును, ధ్వనిని నడిపే డ్రైవరును పలకరించడం. అయిదవది, పేర్లను అక్షరాలుగా తెరమీద గీయడం.

ఈ అయిదింటిలో ఎక్కడ తప్పు జరిగినా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే: తెరవగానే మూతపడడం. జ్వరం ఒకటే అయినా రోగాలు అనేకం ఉన్నట్లే ఇది కూడా. కనుక మందు వేయడానికి ముందు నాడి చూడవలసి ఉంటుంది.

ఒక తెలుగు అక్షరం నేర్పిన పాఠం

చదివే సమాచారమే ప్రోగ్రామును కూల్చగలదనడానికి తెలుగువారందరూ గుర్తుంచుకోదగిన ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో అప్పుడున్న 11.2.5 వ్యవస్థలో, ఒక తెలుగు అక్షర సంపుటి తెరమీదికి వస్తే చాలు, సందేశాల యాప్‌లు కూలిపోయేవి. 'జ్ఞా' అనే అక్షరానికి కంప్యూటరులో నాలుగు సంకేతాలు ఉంటాయి: జ, విరామ చిహ్నం, ఞ, దీర్ఘం. ఈ నాలుగింటి నడుమ, ఞకారానికీ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించకుండా అక్షరాలను విడదీసే ఇంకొక సంకేతం చేరినప్పుడే ఆ ప్రమాదం సంభవించేది. మామూలుగా 'జ్ఞానం' అని రాసిన వారికి ఏ ఆపదా లేదు.

సందేశం అందుకున్నవాడు యాప్‌ను తిరిగి తెరిస్తే, అది ఆ సందేశాన్నే మళ్ళీ గీయబోయి మళ్ళీ కూలేది. ఫోనుదీ దోషం కాదు, యాప్‌దీ కాదు, తెలుగు లిపిది అంతకంటె కాదు. అక్షరాలను తెరమీద అమర్చే భాగం, తాను ఎదురుచూడని క్రమం వచ్చినప్పుడు స్మృతిలో తప్పు చోటికి వెళ్ళింది. కొన్ని బెంగాలీ అక్షర సంపుటులకు కూడా ఇదే గతి పట్టింది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న 11.2.6 సవరణను విడుదల చేసి దోషాన్ని తొలగించింది. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరమే యంత్రాన్ని తికమక పెట్టిందని అప్పట్లో తెలుగువారు నవ్వుకున్నా, పాఠం మాత్రం గట్టిది. తెరిచినప్పుడల్లా కూలే ప్రోగ్రాములో మొదట అనుమానించవలసినది, అది తెరిచినప్పుడల్లా చదివే సమాచారాన్ని.

పాటల పేర్లలో దాగిన చిక్కు

ఎంపీ3 ఫైలులో ధ్వనితో పాటు పాట పేరు, గాయకుని పేరు రాసుకునే శీర్షిక ఫలకం ఒకటి ఉంటుంది. తొలినాటి పద్ధతిలో అది ఫైలు చివర 128 బైట్ల స్థలం మాత్రమే. అందులో పేరుకు 30 బైట్లు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌లో నేడు విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'శ్రీ' అనే ఒక్క అక్షరానికి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ఆ లెక్కన 30 బైట్లలో తెలుగు సంకేతాలు పదికి మించి పట్టవు. పదకొండవది వస్తే కోత తప్పదు.

తరువాతి పద్ధతిలో ఫలకం ఫైలు మొదటికి మారింది, స్థలం పెరిగింది. అందులో 'ఈ ఫలకం పొడవు ఇంత' అని ముందుగా ఒక సంఖ్య రాసి ఉంటుంది. రాత మధ్యలో ఆగిపోయి ఆ సంఖ్య తప్పుగా మిగిలితే, జాగ్రత్తగా రాసిన ప్లేయరు 'ఇది చెడిన ఫలకం' అని వదిలి ముందుకు సాగుతుంది. జాగ్రత్త లేని పాత ప్లేయరు ఆ సంఖ్యను నమ్మి, లేని గదుల కోసం పరుగెత్తి కూలుతుంది.

మరమ్మతుకు ఒక క్రమం

మొదటి పని: ఏ మరమ్మతుకైనా ముందు పాటల సంచిని వేరొక డిస్కులోకి నకలు తీయాలి. ప్లేయరు తెరుచుకోకపోయినా ఫైళ్ళు చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని నకలు తీయడానికి ప్లేయరుతో పనిలేదు. ఈ పని ముగిసేవరకు ఫార్మాట్ అనే మాట ఎత్తకూడదు.

రెండవ పని: చిక్కు ఎంతవరకు వ్యాపించిందో చూడాలి. జెబెల్ అలీ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక వేడివల్ల యంత్రం చెడిందేమోనన్న అనుమానం సహజమే. కాని వేడి వల్లనో, స్మృతి చెడినందువల్లనో వచ్చే బాధ అన్ని ప్రోగ్రాములనూ అక్కడక్కడా తాకుతుంది. ఒక్క ప్లేయరే, ప్రతిసారీ, అదే చోట కూలుతుంటే కారణం వేరే వెతకాలి. మరొక ప్లేయరులో అవే పాటలు పలుకుతున్నాయేమో కూడా చూసుకోవాలి.

మూడవ పని: కంప్యూటరులో కొత్త వినియోగదారు ఖాతా ఒకటి తెరిచి, అందులో ప్లేయరును నడపాలి. ప్రోగ్రాము అందరికీ ఒక్కటే. అమరికలు, పట్టిక మాత్రం ఎవరివి వారివి. కొత్త ఖాతాలో తెరుచుకుంటే దోషం పాత ఖాతాలోని సమాచారానిది. అక్కడా కూలితే దోషం ప్రోగ్రాముదో, కోడెక్‌దో, డ్రైవరుదో కావాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

నాలుగవ పని, మొదటి ఫలితం వచ్చినవారికి: ప్లేయరు అమరికల సంచి పేరు మార్చాలి. తొలగించనవసరం లేదు. ప్లేయరు ఆ సంచి కనిపించక కొత్తదానిని తయారు చేసుకుంటుంది. ఉపాయం ఫలించకపోతే పాత పేరు తిరిగి పెట్టవచ్చు. ఎకోల్ సాంత్రాల్ ప్యారిస్ విద్యార్థులు 1996లో ప్రారంభించిన ప్రయత్నం నుండి పుట్టిన వీఎల్‌సీ ప్లేయరు, విండోస్‌లో తన అమరికలను 'యాప్‌డేటా' సంచిలో తన పేరిటే దాచుకుంటుంది. అమరికలను మొదటికి తెచ్చే మీట కూడా దానితో పాటే వస్తుంది.

అయిదవ పని, రెండవ ఫలితం వచ్చినవారికి: విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్ చిట్టాలో కూలిన వేళకు ఎదురుగా ఉన్న పద్దు చూడాలి. 'ఫాల్టింగ్ మాడ్యూల్' అనే మాట పక్కన ఏ సహాయక ఫైలు దగ్గర పని చెడిందో దాని పేరు ఉంటుంది. అది తెర డ్రైవరుదైతే కంప్యూటరు తయారీదారుని వద్దనుండి కొత్త డ్రైవరు తెచ్చుకోవాలి. బయటినుండి చేర్చిన కోడెక్‌దైతే దానిని తొలగించాలి. ప్లేయరు సొంత ఫైలైతే తయారీదారుని వద్దనుండే కొత్త ప్రతిని స్థాపించాలి. ఆ పేరు ఎల్లప్పుడూ అసలు దోషిదే కానక్కరలేదు. శవం దొరికిన ఇల్లు హంతకునిదే కానక్కరలేనట్లు, అది వెతకడానికి మొదటి ఆధారం మాత్రమే.

సగం సగం పద్ధతి

మన ఉదాహరణలోని ఇంటికి తిరిగి వస్తే, కొత్త ఖాతాలో ప్లేయరు చక్కగా తెరుచుకున్నది. పాత ఖాతాలో అమరికల సంచి పేరు మార్చగా అక్కడా తెరుచుకున్నది. కాని పాటల సంచిని చూపగానే మళ్ళీ కూలింది. అంటే దోషం ఆ సంచిలోని ఏదో ఒక ఫైలులో ఉన్నదన్నమాట. ఫైళ్ళు ఆరువందలు. ఒక్కొక్కటే పరీక్షిస్తే రోజు గడిచిపోతుంది.

దీనికి సగం సగం పద్ధతి ఉన్నది. నకలు ప్రతిలోని మూడువందల ఫైళ్ళను పక్కన పెట్టి ప్లేయరును తెరవాలి. కూలితే దోషి మిగిలిన సగంలో ఉన్నట్లు, కూలకపోతే పక్కన పెట్టిన సగంలో ఉన్నట్లు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయాలి. ఆరువందలు మూడువందలై, నూట యాభై అయి, ఇలా సగమవుతూ పోగా పది పరీక్షల లోపుగా ఒక్క ఫైలు మిగులుతుంది. పదిసార్లు రెట్టింపు చేస్తే 1024 అవుతుంది గనుక వేయి ఫైళ్ళకైనా పది పరీక్షలే చాలు. చెడిన ఫైళ్ళు ఒకటికి మించి ఉంటే, దొరికినదానిని తీసి మళ్ళీ మొదలుపెట్టాలి.

దొరికిన ఫైలు నాయనమ్మ మాటలలోదే. ముందటి రాత్రి మనుమరాలు ప్రతి ఫైలుకూ తెలుగులో పేర్లు రాస్తుండగా బ్యాటరీ అయిపోయి కంప్యూటరు ఆగిపోయింది. ఒక ఫలకం సగంలో నిలిచింది. ఆ పిల్ల చేసినది తప్పు కాదు, ప్రేమతో చేసిన పని. ధ్వనికి మాత్రం ఏమీ కాలేదు. ఎంపీ3లో ధ్వని చిన్న చిన్న తునకలుగా ఉంటుంది. క్యాసెట్ల నకళ్ళకు మామూలుగా వాడే సెకనుకు 44,100 నమూనాల వేగంలో ఒక్కొక్క తునక 1152 నమూనాలు, అంటే సుమారు 26 మిల్లీసెకన్లు. ప్రతి తునకకూ తన సొంత గుర్తు ఉంటుంది గనుక, ఫలకం చెడినా ప్లేయరు ముందుకు వెతికి తరువాతి గుర్తును పట్టుకోగలదు. శీర్షికలు సవరించే వేరొక ప్రోగ్రాముతో, నకలు ప్రతి మీదనే, ఆ చెడిన ఫలకాన్ని తీసివేస్తే ఫైలు మళ్ళీ పలికింది.

ఫోనులో జాగ్రత్త

ఫోనులలో ఇదే పని కొంచెం వేరుగా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ సమాచారంలోకి వెళ్ళి మొదట 'క్యాష్' మాత్రమే తుడవాలి. 'డేటా' తుడిస్తే అమరికలతో పాటు యాప్ తన లోపల దాచుకున్నవి కూడా పోతాయి. ఐఫోనులో 'ఆఫ్‌లోడ్' చేస్తే ప్రోగ్రాము మాత్రమే పోయి సమాచారం నిలుస్తుంది. చెడినది సమాచారమే అయితే దానివల్ల ఫలితం ఉండదు. యాప్‌ను పూర్తిగా తొలగిస్తే లోపలి పాటలు కూడా దానితోనే పోతాయి. కనుక ముందుగా 'ఫైల్స్' యాప్ ద్వారా వాటిని బయటికి నకలు తీసుకున్న తరువాతే ఆ పనికి పూనుకోవాలి.

ప్రోగ్రాములకు కూడా ఆయుర్దాయం ఉంటుంది. విండోస్ కోసం చేసిన క్విక్‌టైమ్ ప్లేయరుకు ఆపిల్ సంస్థ 2016లో సవరణలు నిలిపివేసింది. సవరణలు నిలిచిన ప్లేయరులో కనుగొన్న దోషం కూడా అలాగే మిగిలిపోతుంది. పాటలు పాతవి కావచ్చు, ప్లేయరు మాత్రం కొత్తదై ఉండడం మేలు.

ప్లేయరు పోతే ఇంకొకటి దొరుకుతుంది. అమరికలు పోతే మళ్ళీ చేసుకోవచ్చు. క్యాసెట్టులో తల్లి "ఒంట్లో బాగుందా నాయనా" అని అడిగిన గొంతు రెండవసారి దొరకదు. కనుక అటువంటి ఫైలు ఏ ఇంటిలో ఉన్నా, ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, మరొకటి ఊళ్ళో తోబుట్టువుల దగ్గర ఉండడం మంచిది. ఆ మూడవ ప్రతి ఊరికి చేరిన నాడు, ఒకనాడు ప్రయాణికుల చేతిలో గల్ఫుకు వచ్చిన మాట తిరిగి ఇల్లు చేరినట్లవుతుంది.