ఇంట్లో పాటల సెట్టుకు వేరే ప్రీ ఆంప్లిఫయర్ కావాలా?

మన హాస్టల్ వార్షికోత్సవానికి మైకు సెట్టు కట్టేటప్పుడు పెట్టెలు, వైర్లు అందరం చూస్తాం. లోపల జరిగే పని మాత్రం కొద్దిమందే గమనిస్తారు. ఉద్యోగం వచ్చిన మన అన్నలు, అక్కలు గానీ, జీడి పంట డబ్బులు చేతికొచ్చిన మన ఇంట్లోవాళ్ళు గానీ పలాసలోనో, టెక్కలిలోనో పాటల సెట్టు కొనబోతే "ప్రీ ఆంప్లిఫయర్ వేరుగా ఉంటేనే మంచి సౌండు" అనే మాట వినిపించవచ్చు. అది ఎంతవరకు నిజమో పదో తరగతి ఫిజిక్సుతోనే తేల్చుకోవచ్చు.

ప్రీ ఆంప్లిఫయర్ చేసే పనులు:
1. బలహీనమైన సిగ్నల్‌ను పెంచడం
2. మైకు, సీడీ, రేడియోలలో ఒకదాన్ని ఎంచుకోవడం
3. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ సరిచేయడం
4. పొడవాటి వైరు గుండా సిగ్నల్‌ను బలంగా పంపడం

లెక్క చూద్దాం:
8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు ఇవ్వాలనుకుందాం. P = V²/R ప్రకారం V² = 50 × 8 = 400. అంటే 20 వోల్టులు కావాలి. పవర్ ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను 20 రెట్లు పెంచేదైతే దానికి 1 వోల్టు అందితే చాలు.

మైకు ఇచ్చేది సుమారు 2 మిల్లీవోల్టులు. దాన్ని ముందుగా 500 రెట్లు పెంచాలి. గ్రామఫోన్ రికార్డు పిన్ను ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. 200 రెట్లు పెంచాలి. పైగా రికార్డు చెక్కేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. 1954లో స్థిరపడిన ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతిలో దాన్ని తిరిగి సరిచేయాలి. కనుక ఆ రోజుల్లో ప్రీ ఆంప్లిఫయర్ తప్పనిసరి.

1982లో సీడీ ప్లేయర్ వచ్చాక పరిస్థితి మారింది. అది గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. అంటే పెంచడం కాదు, తగ్గించడమే పని! మొబైల్ ఫోను హెడ్‌ఫోన్ పిన్ను కూడా దాదాపు అర వోల్టు నుంచి 1 వోల్టు వరకు ఇస్తుంది. వీటికి వాల్యూమ్ కంట్రోల్ ఒక్కటి ఉంటే సరిపోతుంది. ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్‌లో అది, ఎంపిక స్విచ్చి లోపలే ఉంటాయి.

వైరు పొడవు:
50 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ సగంలో ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ నిరోధం 12.5 కిలో ఓమ్‌లు. వైరు కెపాసిటీ మీటరుకు 100 పికోఫారడ్‌లు అనుకుంటే, 20 మీటర్ల వైరుతో సుమారు 6,400 హెర్ట్జ్ పైన ధ్వని తగ్గిపోతుంది. తాళాల చప్పుడు మొద్దుబారుతుంది. అదే 1 మీటరు వైరైతే ఆ హద్దు 1,27,000 హెర్ట్జ్‌కు పోతుంది. మన చెవికి తేడా తెలియదు. ఇంటర్ విద్యార్థులు f = 1/2πRC తో సరిచూసుకోండి.

మన తీరం సంగతి:
వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. పెట్టె పెరిగితే అతుకులు పెరుగుతాయి. గరగర, గుయ్‌మనే శబ్దానికి అవకాశం పెరుగుతుంది.

ఒక హెచ్చరిక: వాల్యూమ్ లేని పవర్ ఆంప్లిఫయర్‌కు సీడీ ప్లేయర్‌ను నేరుగా కలపరాదు. పూర్తి శక్తితో మోగి స్పీకరు కాలిపోవచ్చు.

ముగింపు:
సీడీ, టీవీ, మొబైల్ మాత్రమే వినే ఇంటికి వేరే ప్రీ ఆంప్లిఫయర్ అక్కర్లేదు. మైకు, పాత రికార్డులు, దూరపు వైర్లు ఉన్నచోట ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే. అయితే ఆ సౌకర్యం మీ ఆంప్లిఫయర్‌లోనే ఉందేమో వెనుక సాకెట్లు చూసి నిర్ధారించుకోండి. మిగిలిన డబ్బు మంచి స్పీకర్లకు పెడితే ఆ తేడా చెవికి తెలుస్తుంది.