వేసవి కూరగాయల మిగులు: వరుగులును నిల్వ పద్ధతులును

వేసవి కాపునకు గుణమును దోషమును ఒక్కటియే. అన్నియు ఒక్కమారుగా వచ్చును. నీటివసతి గల పెరటిలో నాలుగు వంగమొక్కలు, ఒక సాలు గోరుచిక్కుడు, రెండు దోసపాదులు ఉన్నచో, చైత్ర వైశాఖములలో ఇల్లు తిని, ఇరుగుపొరుగులకు పంచిన పిమ్మటను తట్టలలో కాయలు మిగులుచుండును. శ్రావణము వచ్చుసరికి అదే యిల్లు అంగడిలో కూర కొనుచుండును. తోటలయందును ఇట్లే జరుగుచున్నది. 2023 జూలైలో నగరములలో కిలో 100 రూపాయలు దాటిన టమాటా, ఆ సెప్టెంబరులో రాయలసీమ మార్కెట్లు కొన్నింట రైతునకు కిలోకు 10 రూపాయలైనను తెచ్చిపెట్టలేదు. కోతకూలియు బండిబాడుగయు గిట్టక పంటను దారిప్రక్కన పారబోసినవారు కలరు.

ఇంటిలో వరుగులు పెట్టుకొన్నంతమాత్రమున మార్కెట్టు ధర నిలువదు. అట్లని చెప్పువారిని నమ్మవలదు. అయినను, కూర కరవగు రెండు మూడు నెలలు ఇంటి ఖర్చును తగ్గించుటకు ఈ విద్య చాలును. ఆ మేరకే ఈ పాఠము వ్రాయబడినది.

తానుగా నిలువగల కాయను కోసి ఎండబెట్టుట వ్యర్థ శ్రమ. బాగుగ ముదిరిన బూడిదగుమ్మడిని తొడిమతో కోసి, తోలునకు గాయము తగులకుండ ఉట్టిలో వ్రేలాడదీసినచో నెలల తరబడి నిలుచును. తీపిగుమ్మడియు నట్టిదే. ముదురు దోసకాయలు గాలి తగులుచోట కొన్ని వారములు ఆగును. నాలుగైదు దినములు మాత్రము వాడకుండిన చాలునన్న కూరలకు ఇటుకలతో కట్టిన చల్లని తొట్టి మేలు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980 దశకములో ప్రచారమునకు తెచ్చిన ఈ తొట్టికి రెండు వరుసల ఇటుకగోడలును, వాని నడుమ సుమారు 7.5 సెంటీమీటర్ల సందును ఉండును. ఆ సందును ఇసుకతో నింపి ఉదయసాయంకాలములు తడుపవలెను. మీద తడిపిన గడ్డిమూత ఉంచి, అంతయు నీడపట్టున కట్టవలెను. పొడిగాలి వీచు మెట్టప్రాంతములలో ఇది చక్కగ పనిచేయును. సముద్రతీర గ్రామములలో గాలియందే తేమ యుండుటచే అంత ఫలము కనబడదు.

ఇక వరుగుల సంగతి. వరుగనగా కాయలోని నీటిని తీసివేయుటయే. బూజునకును సూక్ష్మజీవులకును నీరు లేనిదే బ్రతుకు లేదు. వంకాయలో నూటికి 92 పాళ్లు, టమాటాలో 94 పాళ్లు, గోరుచిక్కుడులో సుమారు 81 పాళ్లు నీరు కలదు. చక్కగ ఎండిన వరుగులో 8 పాళ్లకు మించి ఉండరాదు. దీనినిబట్టి లెక్కించిన, 10 కిలోల గోరుచిక్కుడుకు 2 కిలోల వరుగు వచ్చును. 10 కిలోల వంకాయకు 870 గ్రాములు, టమాటాకు 650 గ్రాములే వచ్చును. తొడిమలు, పుచ్చులు పోగా ఇంకను తగ్గును. కనుక ఎండబెట్టుటకు గోరుచిక్కుడే అన్నింటికంటె లాభకరము. టమాటాను వరుగుగా కంటె పచ్చడిగా నిలుపుట మంచిదని మా యభిప్రాయము.

గోరుచిక్కుడు లేతగా నుండగనే కోసి, కొనలు త్రుంచి, ఈనెలు తీసి, పలుచని గుడ్డలో మూటగట్టి, ఉప్పు వేసి మరుగుచున్న నీటిలో మూడు నాలుగు నిమిషములు ముంచి తీయవలెను. ఈ ముంపును అనేకులు మానివేయుదురు. అది తగదు. కాయలోని సహజ రసాయనములు కోసిన పిదపను పనిచేయుచు, రంగును రుచిని చెరచును. మరుగునీరు వానిని అణచివేయును. వంకాయను నిలువుగా చీల్చి, నల్లబడకుండ వెంటనే ఉప్పునీటిలో వేసి, తరువాత ఇట్లే ముంచవలెను. బెండకు జిగురుండుటచే ముంపు అక్కరలేదు. తుడిచి, చక్రములుగా తరిగి ఎండబెట్టవచ్చును. కాకరచక్రములకు ఉప్పు, పసుపు, కొంచెము పెరుగు పట్టింతురు.

ముక్కలన్నియు ఒకే మందముగ ఉండవలెను. మందపు ముక్క పైకి ఎండినట్లు కనబడి లోపల పచ్చిగ నుండి, ఒక్కటియే జాడీ యంతటిని బూజు పట్టించును. నులకమంచముపై తెల్లని గుడ్డ పరచి, ఒకదానిపై నొకటి పడకుండ సర్ది, ఈగలు వ్రాలకుండ పలుచని వల కప్పవలెను. మంచమైన క్రిందనుండియు గాలి తగులును. మిద్దెపై నేరుగ పరచినచో ధూళి చేరును. ప్రొద్దు క్రుంకకముందే లోనికి తీయవలెను. మునగాకు, గోంగూర మొదలగు ఆకులను మాత్రము నీడనే ఆరబెట్టవలెను. ఎండ తగిలిన వానిలోని ఎ విటమిను సత్తువ చాలవరకు నశించును.

వంచిన పుటుక్కున విరుగువరకు ఎండవలెను. ఎండినవానిని వెంటనే బిగించి పెట్టక, చల్లార్చి, గాజుజాడీలో వదులుగ పోసి, వారము దినములు దినమున కొకమారు కుదుపవలెను. జాడీ గోడలకు చెమ్మ కనబడినచో మరల ఎండకు పోయవలెను. వేపాకు వేయుట మన యిండ్లలో వాడుకయే గాని, ఆరని వరుగును వేపాకు కాపాడదు. జాడీపై మాసమును సంవత్సరమును వ్రాసి అంటించుట చిన్నపనియే, అయినను చేయువారు అరుదు. వండునప్పుడు వేడినీటిలో అరగంట నానబెట్టి, పులుసులోగాని పప్పులోగాని వేయవలెను.

మిరపకాయలను గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టి, మజ్జిగ ఇంకువరకు అట్లే చేసినచో ఊరమిరపకాయలగును. టమాటాను ముక్కలుగ కోసి ఉప్పులో మూడు దినములు ఊరవేసి, పిండి ఎండబెట్టి, ఊటలో చింతపండు నానవేసి, కారము మెంతిపిండి చేర్చి రుబ్బి తిరుగమోత పెట్టుదురు. ఈ పచ్చడిని నిలుపునది ఉప్పు, పులుపు, తడి తగ్గుట. నూనె గాలిని ఆపునే గాని సూక్ష్మజీవులను చంపదు.

ఇచ్చట ప్రాణముతో పని గల మాట యొకటి కలదు. బీన్సు, వంకాయ, బెండ వంటి పులుపులేని కూరలను ఉడికించి సీసాలలో గాలి చొరకుండ బిగించి నిల్వచేయుట ఇంటిలో తలపెట్టరాదు. మట్టిలో నుండు బొట్యులినమ్ అను జీవి యొక్క బీజములు 100 డిగ్రీల మరుగునీటిలో చావవు. గాలిలేని సీసాలో అవి మొలకెత్తి ఘోరమైన విషము పుట్టించును. వాసనలోను రుచిలోను భేదము తెలియకపోవచ్చును. వానిని చంపుటకు 116 డిగ్రీలు మొదలు 121 డిగ్రీల వరకు ఒత్తిడి ఆవిరియే కావలెను. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట నెలలు ఉంచుటయు ఇట్టి అపాయమే.

సంఘములు చేయదగిన పని కొంత యున్నది. లోపల నల్లరంగు పూసి, పైన గాజుపలక అమర్చి, క్రిందను మీదను గాలికంతలు విడిచిన ఎండపెట్టె ఒకటి సంఘపు ఆవరణలో ఉంచి, సభ్యులకు వంతులవారీగ ఇయ్యవచ్చును. ధూళియు ఈగలును అందు చేరవు, అకాలపు వానకు భయము లేదు. వంతుల పట్టీలో ఎవరు ఎన్ని కిలోలు పెట్టి ఎంత వరుగు తీసిరో వ్రాయించవలెను. తరుగుట, ముంచుట, కాచుకొనుట స్త్రీల చేతనే జరుగును గనుక, అమ్మకమునకు దిగినప్పుడు ఆ శ్రమకు కూలి కట్టక లాభము చూపుట తప్పు లెక్క యగును. అమ్మకమునకు 2006 సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద, చిన్న వ్యాపారమైనను, ముందుగ నమోదు చేయించుకొనవలెను.